సూదక్క దోమ కథ

మా తోడికోడలిని ల్యాబులో అందరూ సూదక్క అంటారు. రక్తపరీక్షల ల్యాబు అది. వచ్చినవాళ్ళని కుర్చీలో కూర్చోబెట్టి, మోచేతి పైన రబ్బరు పట్టీ బిగించి, నరం వెతికి, సూది గుచ్చి, గొట్టంలోకి రక్తం తీసి, దూది అద్ది పంపించడం ఆవిడ పని. పెళ్ళికి ముందు నుంచీ అదే ఉద్యోగం. ఇంట్లో మాత్రం నోట్లో నాలుక లేని మనిషి. మా అత్తగారు కూరలో ఉప్పు ఎక్కువైందని అరిచినా, తక్కువైందని అరిచినా ఒకటే జవాబు, "సరే అత్తయ్యా." ఆవిడ వాటా జవాబులు కూడా నేనే చెప్పాల్సి వచ్చేది. నాకదేమీ కష్టంగా ఉండేది కాదు లెండి.

ఆ మనిషే కుర్చీ పక్కన నిలబడితే వేరు. సూదిని చూస్తే పెద్దవాళ్ళు మొహం పక్కకి తిప్పుకుంటారు. పిల్లలు పైకప్పు ఎగిరిపోయేలా ఏడుస్తారు. అప్పుడు సూదక్క కథ మొదలుపెడుతుంది. పట్టీ బిగించేటప్పుడు మొదలై, దూది అద్దేటప్పటికి ముగిసిపోవాలి. అంతకంటే పొడుగైతే పనికిరాదు. అలా పుట్టినవి చాలా ఉన్నాయి గానీ, పిల్లలు మళ్ళీ వచ్చినప్పుడు అడిగి మరీ చెప్పించుకునేది దోమ కథ. ఇంట్లో మా పిల్లలు కూడా దాని కోసం ఆవిడ కొంగు పట్టుకుని తిరుగుతారు.

"దోమల మీద కథలేమిటే, దోమలకి మందు కొట్టాలి గానీ," అనేది మా అత్తగారు. అంటూనే గుమ్మం దగ్గర చేరి చివరిదాకా వినేది.

ఇలా ఉండగా ల్యాబు మేనేజరు ఒకరోజు అక్కని పిలిచి తియ్యగా చెప్పాడట. కథల వల్ల వరస కదలడం లేదు, బయట జనం సణుగుతున్నారు. సోమవారం నుంచి లోపలి గదిలో యంత్రాలు చూసుకోమన్నాడు. గొట్టాలు యంత్రంలో పెట్టడం, తియ్యడం. దానికి సీనియర్ అని పేరు కూడా తగిలించాడు. అక్క ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "నాకు ప్రమోషన్ వచ్చిందే," అంది. మొహం చూస్తే ఎవరినో సాగనంపి వచ్చినట్టుంది.

"లోపలి గదిలోకి పిల్లలు రారా?" అన్నాను.

"రక్తమే వస్తుంది. పిల్లలు రారు," అంది.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ మేనేజరుని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టాను. ఆవిడ మాత్రం అన్నీ విని, కంచాలు కడగడానికి వెళ్ళింది.

నాది డీటీపీ పని. పెళ్ళికార్డులు, బిల్లు పుస్తకాలు, కరపత్రాలు, ఏ తెలుగు కాగితమైనా కొట్టి ఇస్తాను. సరిగ్గా ఆ వారంలోనే ఒకాయన బాలసాహిత్య రచయితల సదస్సు కరపత్రం కొట్టించుకోవడానికి వచ్చాడు. కొడుతూ కొడుతూ ఒక చోట నా వేళ్ళు ఆగాయి. కొత్తగా రాసేవాళ్ళు తమ కథని వేదిక మీద స్వయంగా చదవవచ్చు. నచ్చిన ఒక్క కథని ఒక ప్రచురణ సంస్థ బొమ్మలతో పుస్తకంగా వేస్తుంది, బడులకి పంచుతుంది. సదస్సు ఆదివారం. అంటే అక్క కుర్చీ వదిలే సోమవారానికి ముందురోజు.

పుస్తకం అచ్చయితే ఆ దోమ ఏదో ఒక పిల్ల చేతిలో ఉంటుంది. కాకపోతే అక్కతో పాటే యంత్రాల గదిలోకి పోయి నోరు మూసుకుంటుంది. ఈ మాట నేను గట్టిగా చెబితే గానీ అక్క ఒప్పుకోలేదు. ఒప్పుకున్నాక మాత్రం నాకంటే ఆవిడకే ఆత్రం ఎక్కువైంది.

చిక్కంతా ఒక్క షరతులో ఉంది. ఆ పుస్తకాలు అప్పుడే గుణింతాలు దాటిన పిల్లల కోసం. కాబట్టి కథలో ఎక్కడా ఒత్తు ఉండకూడదు. అక్షరం కింద ఇంకో అక్షరం వేలాడకూడదు. పొల్లు, సున్న ఫరవాలేదు. ఒక్క ఒత్తు కనిపించినా కథ పక్కకి పోతుంది.

ఓస్ ఇంతేనా అనుకున్నాం. కూర్చున్నాక తెలిసింది. తెలుగులో ఒత్తు లేకుండా బతకడం ఎంత కష్టమో మీరూ ఒక పూట ప్రయత్నించి చూడండి. కుక్క లేదు, పిల్లి లేదు, నక్క లేదు. చెట్టు లేదు, పువ్వు లేదు. ఇల్లు లేదు, అన్నం లేదు. ఎవరూ చిన్నగా ఉండరు, పెద్దగా ఉండరు. ఎవరూ వచ్చే వీలు లేదు, పోతే పోవచ్చు. అన్నిటికన్నా విచిత్రం, మగవాడికి మాట లేదు. "అన్నాడు" అంటే ఒత్తు. "అంది" అంటే ఒత్తు లేదు. "ఒక్కచోటయినా మనకి మేలు జరిగింది," అన్నాను నేను. అక్క పడీ పడీ నవ్వింది.

ఆవిడ కథలో "రక్తం" పోయింది, "గుచ్చింది" పోయింది, "నొప్పి" పోయింది. నొప్పి పోయిన చోట "బాధ" పెట్టింది. కళ్ళు పోయి కనులు వచ్చాయి. భయానికి జడుపు. చివరికి నిలిచింది ఇది, నా చేత్తో నేనే కొట్టాను:

సూదికి జడిసే దోమ.

ఒక దోమ పాప. తన మూతికే సూది. అయినా సూది అంటే జడుపు. ఆకలి వేసింది. ఆవు మీద వాలింది. సూది తీసింది. వణికింది. ఎగిరి పోయింది. మేక మీద వాలింది. సూది తీసింది. వణికింది. ఎగిరి పోయింది. ఎందుకు జడుపు? అని కాకి అడిగింది. సూది నాది, బాధ వాటిది కదా, అంది దోమ పాప. ఆకలి ఆగలేదు. ఏనుగు మీద వాలింది. కనులు మూసింది. సూది దించింది.

ఆ తర్వాత దోమ పాప ఒక్క కేక పెడుతుంది. అయిపోయింది, అంటుంది ఏనుగు. అంతేనా, అంటుంది దోమ పాప. అంతే, అంటుంది ఏనుగు. అదీ కథ.

అక్క చదివింది, నేను చదివాను, మళ్ళీ వేలు పెట్టి అక్షరం అక్షరం చూశాం. ఒత్తు లేదు. ఆదివారం పొద్దున్నే బయలుదేరాం. మా వాళ్ళిద్దరూ, అంటే మా ఆయనా బావగారూ, పిల్లల్ని చూసుకుంటామని పెద్ద త్యాగం చేసినట్టు గుమ్మంలో నిలబడి చేతులూపారు.

హాలు నిండిపోయింది. గుమ్మం దగ్గరే మెడలో వేసుకోవడానికి కార్డులిచ్చారు. అక్క కార్డు మీద "ఔత్సాహిక రచయిత్రి" అని ఉంది. "ఇందులో ఎన్ని ఒత్తులో చూశావా?" అని నేను చెవిలో అంటే, నవ్వలేదు. చేతులు చల్లగా ఉన్నాయి. రోజూ ఎంతోమంది చేతులు పట్టుకుని "ఏం కాదు, చెయ్యి వదులుగా పెట్టు" అని చెప్పే మనిషి, తన చెయ్యి మాత్రం పిడికిలి బిగించి కూర్చుంది.

వేదిక మీద ఇద్దరున్నారు. ఒకరు ప్రచురణ సంస్థ సంపాదకురాలు. చేనేత చీర, మెడలో తాడుకి కట్టిన కళ్ళజోడు, మంచి మొహం. ఇంకొకాయన పదవీవిరమణ చేసిన తెలుగు మాస్టారు. ఆయన ముందు బల్ల మీద అరచేత్తో నొక్కితే టింగుమనే గంట ఉంది.

"చదివేవాళ్ళు చదువుతూ ఉంటారు. నా చెవికి ఒత్తు తగిలిందంటే గంట కొడతాను. గంట మోగితే దిగిపోవాలి. బడిపిల్లాడు ఆ మాట దగ్గర ఆగిపోయాడన్నమాట," అన్నాడు మాస్టారు. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. కాగితాలు తీసుకుని చూసుకోవచ్చు కదా, ఈ పరాచికం ఏమిటి?

"పిల్లల కథ చెవికి బావుండాలి. అందుకే ముందు వింటాం, కాగితం తర్వాత చూస్తాం," అంది సంపాదకురాలు, నా మనసులో మాట విన్నట్టు.

మొదట ఒక పెద్దాయన లేచాడు. ఏదో పెద్ద ఆఫీసులో పనిచేశాడట, నిలబడడంలోనే ఆ దర్జా ఉంది. "ఒక అడవి. అడవిలో ఒక పులి. పులి ఒక రోజు చెట్టు..."

టింగ్.

ఆయన మొహం కందగడ్డ అయింది. "ప్రతి చోటా మాను అని రాశానండీ, అలవాటున నోటికి అదే వచ్చింది," అన్నాడు. "నోటికి వచ్చినా ఒత్తే," అన్నాడు మాస్టారు. పెద్దాయన కాగితం మడిచి జేబులో పెట్టుకుని దిగాడు.

తర్వాత ఒక కుర్రాడు. చంద్రుడి మీద కథ, జాబిలి అని తెలివిగా మొదలుపెట్టాడు. బాగా సాగుతోంది, హాలంతా ముందుకి వంగింది. జాబిలితో మామ ఏదో అన్నాడు. టింగ్. ఆ తర్వాతి ఆయన మూడో మాట దగ్గరే పడ్డాడు. మాస్టారి చెయ్యి గంట మీద జానెడు ఎత్తున ఆగి ఉంటుంది, ఒత్తు పలికిన నోరు మూతపడకముందే అది దిగుతుంది. ఆయన చెవి అలాంటిది. మోగిన ప్రతిసారీ నా పక్కన అక్క భుజం ఎగిరిపడుతోంది.

ఒకావిడ మాత్రం గట్టెక్కింది. బడిలో టీచరట. తాత, మేక, తాత టోపీ. మేక టోపీ తినేసింది. గంట మోగలేదు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. కథలో ఏముందని? తాత టోపీ పోయింది, అంతేగా.

ఆవిడ తర్వాత లేచిన అమ్మాయికి పాపం గొంతు వణుకుతోంది. "పాప గోల చేసింది. పాపని ఎతుకుని నాన్న..."

టింగ్.

"నాన్నకి ఒత్తుందా?" అందా అమ్మాయి, నిజంగా తెలియనట్టే. హాలంతా గొల్లుమంది. ఎత్తుకుని అనే మాటలో ఒత్తు మింగేసి, నాన్న దగ్గర దొరికిపోయింది. నేనూ నవ్వాను. నవ్వు సగంలోనే ఆగిపోయింది.

నాన్నకి ఒత్తుంటే, అమ్మకి?

ఒళ్ళో ఉన్న కాగితం తెరిచాను. సూది దించింది, తర్వాత కేక. "అమ్మా! అంది దోమ పాప." నేను కొట్టిన అక్షరాలే. మ కింద మ. రోజూ కొన్ని వేల ఒత్తులు కొట్టే వేళ్ళు నావి, ఎక్కడ ఏ మీట నొక్కాలో నిద్రలో లేపి అడిగినా చెబుతాను. వేలు పెట్టి అక్షరం అక్షరం చూసినవాళ్ళం ఇద్దరం. ఆ మాట మీద నుంచి వేలు జారిపోయింది. అది మాకు అక్షరాల్లా కనిపించనే లేదు, అమ్మలా కనిపించింది.

చెబితే మనిషి బెదిరిపోతుంది. చెప్పకపోతే కథ చివరి మాట దగ్గర, ఇంతమంది ముందు, గంట. రెండో దాని కంటే మొదటిదే నయమనిపించింది.

"అక్కా, కొంప మునిగింది. ఇదిగో, అమ్మ."

"ఎవరి అమ్మ?"

"మన దోమ అమ్మ. ఒత్తు."

ఆవిడ కాగితం వైపు చూసింది. చూస్తూనే ఉంది. మొహంలో రక్తం చుక్క లేదు. మా ముందు ఇంకా ఇద్దరే ఉన్నారు.

"మార్చేద్దాం. కలం ఉంది నా దగ్గర. తాతా అని పెడదామా?"

"దోమకి తాత ఎక్కణ్ణించి వచ్చాడే?"

"మేకకి రాలేదా?" అన్నాను. నాకే సిగ్గేసింది. ముందు వరసలో ఎవరో వెనక్కి తిరిగి ఉష్ అన్నారు. గొంతు ఇంకా తగ్గించాను. అయ్యో అంటే ఒత్తు. కుయ్యో అంటే ఒత్తు. అప్పుడు తట్టింది. "బాబోయ్! అక్కా, బాబోయ్ అని పెట్టు. ఒత్తు లేదు. పిల్లలు నవ్వుతారు కూడా. బాబోయ్, అంది దోమ పాప. ఎంత బావుందో చూడు."

నిజంగానే బావుంది. నా తెలివికి నేనే మురిసిపోయి, అమ్మా కొట్టేసి పైన బాబోయ్ అని రాసేశాను. అక్క ఆ కొట్టివేత మీద వేలు పెట్టింది.

"ఈ మాట నేను అనను, తెలుసా?" అంది మెల్లగా.

"ఏ మాట?"

"కుర్చీ దగ్గర. సూది దించింది అని ఆగుతాను. అక్కడే గుచ్చుతాను. అమ్మా అని వాళ్ళు అరుస్తారు. అంది దోమ పాప, అని నేను అందుకుంటాను. వాళ్ళ ఏడుపు కథలో మాట అయిపోతుంది. ఎందుకు అరిచామో వాళ్ళకే తికమక అయ్యి, ఏనుగు ఏమంటుందా అని నా మొహం చూస్తారు. అప్పటికి సూది బయటికి వచ్చేస్తుంది."

ఆ కథ ఇంట్లో అన్నిసార్లు విన్నాను, ఈ సంగతి నాకు తెలియదు. ఇంట్లో సూది ఉండదు కదా. అయినా గంట నాకు ఎదురుగా కనిపిస్తోంది.

"అక్కా, అది కుర్చీలో. ఇది పుస్తకం. పుస్తకం గుచ్చదు. ఇవాళ తప్పితే మళ్ళీ లేదు. రేపట్నుంచి నీకు ఆ కుర్చీ కూడా లేదు. నా మాట విను, బాబోయ్ అనెయ్యి."

ముందున్న ఇద్దరూ ఎప్పుడు వెళ్ళారో, ఎప్పుడు గంట కొట్టించుకుని దిగారో నేను చూడనే లేదు. మాస్టారు జాబితాలో తర్వాతి పేరు చూసి, "కలం పేరు సూదక్క," అని చదివి కళ్ళజోడు మీంచి చూశాడు. "పేరులోనే ఒత్తు పెట్టుకుని వచ్చావేమమ్మా? సరే, పేరుకి మినహాయింపు. రామ్మా."

హాలు నవ్వింది. ఆ "ఏమమ్మా"లో, "రామ్మా"లో ఎన్ని ఒత్తులు ఉన్నాయో ఆ మాస్టారూ లెక్కపెట్టలేదు, హాలూ లెక్కపెట్టలేదు, అప్పుడు నేనూ లెక్కపెట్టలేదు. అక్క నేను దిద్దిన కాగితం పట్టుకుని మెట్లెక్కింది.

మైకు ముందు మొదటి మాటలు వినపడలేదు. "గట్టిగానమ్మా," అన్నాడు మాస్టారు. అక్క గొంతు సవరించుకుంది. ఆవు దగ్గరికి వచ్చేసరికి ఆ గొంతు కుర్చీ పక్కన నిలబడింది. నేను మాత్రం కథ వినడం లేదు, గంట మీద ఉన్న ఆ చేతినే చూస్తున్నాను. మేక దాటింది. కాకి అడిగింది. "సూది నాది, బాధ వాటిది కదా" అన్నప్పుడు సంపాదకురాలు రాసుకోవడం మానేసి తలెత్తింది. నాకు ఆశ పుట్టింది. ఆశ పుట్టాక భయం రెట్టింపయింది.

ఏనుగు మీద వాలింది. కనులు మూసింది. సూది దించింది.

అక్క ఆగింది.

బాబోయ్ అను, బాబోయ్ అను, అని నేను పళ్ళు బిగించి లోపల జపం చేస్తున్నాను. అక్క కాగితం వైపు చూసింది. తర్వాత కాగితం దించేసింది.

"అమ్మా!" అంది.

నేను కళ్ళు మూసుకున్నాను. గంట కోసం ఆగాను. మోగలేదు. "అంది దోమ పాప. అయిపోయింది, అంది ఏనుగు. అంతేనా? అంది దోమ పాప. అంతే, అంది ఏనుగు." కళ్ళు తెరిచేసరికి మాస్టారి చెయ్యి గాలిలో ఎక్కడుందో అక్కడే ఉంది, ఆయన మొహం నిండా నవ్వు. నాన్నని పట్టుకున్న చెవి అది. ఎవరికీ పట్టలేదు. ఇంత పెద్ద హాలులో, ఇంతమంది రాసేవాళ్ళలో, ఒక్కరికీ ఆ ఒత్తు వినపడలేదు.

చప్పట్లు మోగాయి. సంపాదకురాలు లేచి నిలబడి మాస్టారితో ఏదో అంది, ఆయన తల ఊపాడు. "ఇంకెవరైనా ఉన్నారేమో చూసి చెబుదామనుకున్నాం గానీ, ఇదే మేం వేస్తున్నాం," అందావిడ మైకు అందుకుని. నేను సీట్లోంచి ఎగిరి గంతేసినంత పని చేశాను. దిగిరా అక్కా, ఇంకేం మాట్లాడకుండా దిగిరా, అని చేత్తో సైగ చేశాను.

అక్క దిగలేదు. "మాస్టారూ," అంది. "ఒక మాట దగ్గర మీరు గంట కొట్టలేదు."

"ఏ మాటమ్మా?"

"అమ్మా."

ఆయనకి అర్థం కాలేదు. తనని పిలిచిందేమో అనుకుని, "చెప్పమ్మా," అన్నాడు. అక్క మళ్ళీ, "ఆ మాటేనండీ. అమ్మా. దానికి ఒత్తుంది," అంది.

అప్పుడు వరసల్లో పెదవులు కదలడం కనిపించింది, అందరూ లోపల ఆ మాట పలికి చూసుకుంటున్నారు. మాస్టారి నవ్వు కొంచెం కొంచెంగా పోయింది. "నా చెవికి అది ఒత్తులా తగల్లేదమ్మా," అన్నాడు. అని, తన నోటి వెంట వచ్చిన దాన్ని తానే విని తల దించుకున్నాడు.

"దానికేముంది," అంది సంపాదకురాలు. విసుగు లేదు ఆవిడ గొంతులో. "ఒక్క మాటేగా. అమ్మా తీసేసి బాబోయ్ పెడదాం. కథకేమీ లోటు రాదు." నేను రాసిన మాటే. అచ్చం నాలాగే అంది.

"అచ్చులో తెలియకుండా మీరు మార్చేస్తారేమోనని ఇప్పుడే చెప్పానండీ," అంది అక్క. "ఆ మాట నాది కాదు, పిల్లలది. అది ఉంచి వెయ్యగలరా?"

"అ అంటే అమ్మ అనే మేమూ నేర్పుతాం. నాకు తెలియక కాదు. కానీ ఒత్తులు లేనివని చెప్పి బడులకి ఇస్తున్నాం. ఒకదానికి వదిలిపెడితే రేపు నాన్నకి, అక్కకి, అన్నకి, అందరికీ వదలాలి. ఇందాక ఆ అమ్మాయిని నాన్న దగ్గరే దింపేశాం." "మార్చండి. ఇప్పుడే, ఇక్కడే పుస్తకం ఖాయం చేస్తాను."

ఆవిడ చెప్పింది న్యాయమే. అందుకే నాకు ఇంకా ఏడుపొచ్చింది. అక్క నా వైపు చూసింది. ఒప్పుకో అని రెండు చేతులూ జోడించి దణ్ణం పెట్టాను, అంతమంది చూస్తుండగా. ఆవిడ పెదవి కొరుక్కుంది. పుస్తకం మీద ఆశ లేక కాదు. నాకు తెలుసు, నాలుగు రోజులుగా ఆ పుస్తకం అట్ట ఏ రంగులో ఉంటే బావుంటుందో అడుగుతూనే ఉంది.

"అయితే వద్దులెండి," అంది.

మాస్టారు ఆవిడ వైపు చూశాడు. తర్వాత అరచేత్తో, చాలా మెల్లగా, గంట నొక్కాడు. టింగుమనే శబ్దం కూడా సరిగ్గా రాలేదు.

తాత, మేక, టోపీ పుస్తకం అయ్యాయి. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నేను అక్కతో ఒక్క మాట మాట్లాడలేదు. మాట్లాడితే ఏమంటానో నాకే తెలియదు. గంట మోగనప్పుడు నోరు మూసుకుని ఉంటే ఏం పోయేది అని కోపం. మూసుకుని ఉంటే ఆవిడ మా అక్క అయ్యేది కాదని కూడా తెలుసు. రెండూ ఒకేసారి ఉంటే మనిషికి మాట రాదు. మా అత్తగారు గుమ్మంలోనే "ఏమైందే?" అంది. "దోమలకి మందు కొట్టేశారు అత్తయ్యా," అన్నాను. ఆవిడ ఇద్దరికీ టీ పెట్టి తెచ్చింది. మా ఇంట్లో అది మామూలు విషయం కాదు.

సోమవారం అక్క యంత్రాల గదికి వెళ్ళింది. సాయంత్రం వచ్చి, కాళ్ళు కడుక్కుని, వంటింట్లో నా పక్కన నిలబడి కూర తరగడం మొదలుపెట్టింది. నేనే ముందు పలకరించాను, ఎంతసేపని బిగదీసుకుంటాం.

"ఎలా ఉంది గది?"

"చల్లగా ఉంది. గోడ అవతలే కుర్చీ. అన్నీ వినపడతాయి." కత్తి ఆగింది. "పొద్దున్నుంచీ వింటూనే ఉన్నానే. ఎంతమంది పిల్లలు వచ్చారో. ఒక్కళ్ళు, ఒక్కళ్ళు కూడా బాబోయ్ అనలేదు."

అని నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. నవ్వుతూనే ఆవిడ భుజాలు కదలడం మొదలయ్యాయి, చేతిలో కత్తి బల్ల మీద పెట్టేసి చెంగు మొహానికి అడ్డం పెట్టుకుంది. అంతమంది ముందు ఏడవని మనిషి, కూరగాయల ముందు ఏడ్చింది. నేను పొయ్యి తగ్గించి ఆవిడ వీపు మీద చెయ్యి వేశాను.

"తప్పు చేశానంటావా?" అంది కాసేపటికి.

"చేశావు. పుస్తకం పోగొట్టుకున్నావు," అన్నాను. అబద్ధం చెప్పడం నా వల్ల కాదు. "కానీ బాబోయ్ నాకు కూడా ఇప్పుడు నచ్చడం లేదు."

అక్క చెంగుతో ముక్కు తుడుచుకుని మళ్ళీ కత్తి అందుకుంది.

"రేపు కాస్త ముందుగా వెళ్ళాలి. కుర్చీ దగ్గర కొత్తమ్మాయిని పెట్టారు. పిల్లలు దోమ కథ అడుగుతుంటే పాపం తనే ఏదో కల్పించి చెబుతోంది. ముందు గుచ్చేసి, కథ తర్వాత చెబుతోందే మొద్దు మొహం! ఎక్కడ ఆగాలో నేర్పాలి," అంది.